ఆయన నంబరు

ఫోను బల్ల మీద పెట్టమన్నారు, పెట్టలేదు. ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద కప్పి కూర్చున్నాను, కోడి గుడ్లు పొదిగినట్టు. ఎదురుగా మా ఆయన కింద పనిచేసిన అమ్మాయి కూర్చుంది, ఆఫీసులో ఆయన కుర్చీలో. అది ఆయన కుర్చీ అని ఎవరూ చెప్పలేదు గానీ, ఎడమచేతి వైపు తొడుగు అరిగి లోపలి దూది కనబడుతున్న తీరు చూస్తే తెలిసిపోదా, మా ఇంట్లో కుర్చీ కూడా సరిగ్గా అక్కడే అరిగింది. గంట ఆగాలట. పొద్దున ఈ అమ్మాయే కంగారులో పాత కోడ్లు కొట్టీ కొట్టీ తలుపు బిగించుకుంది, గంట గడిస్తే గానీ ఆ మిషను మళ్ళీ అడగనివ్వదట. గంటయ్యాక అది ఒక కోడ్ పంపుతుంది, ఆ కోడ్ ఈ ఫోనుకే వస్తుంది, ఇంకెక్కడికీ రాదు. ఎందుకంటే ఇది ఆయన ఫోను, కంపెనీ మెయిల్ సర్వర్ పెద్ద ఖాతాకి ఆయన ఇచ్చుకున్నది ఈ నంబరొక్కటే. మనిషి పోయాడు, నంబరు ఉంది. నేను కోడ్ చెబితే ఈ అమ్మాయి లోపలికి వెళ్ళి పొద్దుటి నుంచి ఆగిపోయిన ఉత్తరాలన్నీ వదిలిపెడుతుంది, ఆ వెంటనే ఆయన నంబరు తీసేస్తుంది. తీసేశాక ఈ ఫోను ఇక మోగదు. ఆ సంగతి పొద్దున నన్ను పిలిచినప్పుడే చెప్పింది, దాచలేదు. దాచినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక ఆధారం దొరికేది.

అద్దం అవతల ఉంది పెద్దావిడ. సర్వర్‌ని ఆయన అలాగే అనేవారు. పెద్దావిడకి ఒంట్లో బాలేదు, పెద్దావిడ అలిగింది, పెద్దావిడ పిలుస్తోంది వెళ్ళొస్తా. పక్కింటి దర్జీ వదిన అది పట్టుకుని "ఏమ్మా, మీ సవతి కులాసానా?" అని గోడ మీంచి అడిగేది. నేనూ నవ్వేదాన్ని, నవ్వి లోపలికొచ్చి గిన్నెలు చప్పుడయ్యేలా తోమేదాన్ని. స్వర్గానికెళ్ళినా సవతి పోరు తప్పదంటారు, నాకు అంత దూరం వెళ్ళే శ్రమ కూడా లేకపోయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ దాన్ని చూడలేదు. చూద్దువుగాని రమ్మని ఆయన అనలేదు, చూస్తానని నేను అడగలేదు. ఎంత ఊహించుకున్నానో, ఎంత పెద్ద హాలో, ఎన్ని దీపాలో. తీరా చూస్తే నల్లటి ఇనప బీరువా. అందులో పలకలు పేర్చినట్టు పెట్టెలు, వాటికి ఆకుపచ్చ చుక్కలు, వెనకాల తీగలు. ఆ తీగలు మాత్రం చూడకుండా ఉండాల్సింది. ఆయన కట్టినవే, జడ అల్లినట్టు పాయలు పాయలుగా, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా. నా జడ ఆయన ఎప్పుడైనా అల్లారా? జ్వరమొచ్చి చెయ్యెత్తలేకపోయినప్పుడు కూడా పక్కింటి వదినే వచ్చి చిక్కు తీసింది. అంత ఓపిక ఆ వేళ్ళలో ఉందని నాకు ఇప్పుడు, ఈ అద్దంలోంచి, పరాయిదాన్నై చూస్తే గాని తెలియలేదు.

తింటుంటే ఈ ఫోను మోగేది. మూతి తుడుచుకునే లోపలే చెప్పులేసుకునేవారు. మా మేనకోడలి పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా ఆయన మొహం లేదు, చెవి ఉంది, ఆ చెవికి ఫోను ఉంది. ఇంటికొచ్చాక చెప్పేవారు మళ్ళీ, చెప్పకుండా ఉండలేరు, శుక్రవారం సాయంత్రం ఎవడో ఏదో మార్చి ఇంటికెళ్ళిపోయాడు, సెలవు ముందు రోజున దేన్నీ ముట్టుకోకూడదని ఎన్నిసార్లు చెప్పాలి వీళ్ళకి అని. మేనేజరు పేరు పెట్టుకుని దొంగ ఉత్తరం ఒకటి వచ్చిందనీ, అచ్చు మేనేజరులాగే రాశాడు గానీ దయచేసి అనే మాట వాడాడనీ, మా మేనేజరు పుట్టి బుద్ధెరిగి ఆ మాట వాడలేదు కాబట్టి పట్టేశాననీ చెప్పి పడీ పడీ నవ్వేవారు. కంపెనీలో ఎవరు ఎవరికి ఏం రాసుకుంటారో చెప్పమని నేను ప్రాణాలు తీసేదాన్ని. అన్ని ఉత్తరాలూ మీ చేతి కిందినుంచేగా పోతాయి, ఆ జీతాల గుమస్తాకీ ఆ రిసెప్షను పిల్లకీ నిజంగా ఏమైనా ఉందా అని. "పోస్టుమేన్ కవరు చింపడు" అనేవారు. నాకు చదువు రాదుగా, నాతో చెబితే గోడతో చెప్పినట్టే అనేదాన్ని. "గోడలకి చెవులుంటాయి, నీకు నోరు కూడా ఉంది" అనేవారు. తెరవగలిగీ తెరవకుండా ఉండటమే ఉద్యోగమట, తక్కినదంతా తీగలు కట్టడమట. ఆ నిగ్రహం చూస్తే నాకు గర్వంగానే ఉండేది, మంటగానూ ఉండేది. ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళ గుట్టు కాపాడటానికి ఇంత పట్టుదల ఉన్న మనిషి, అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ ఫోను ఒక్క పూట తీసి పక్కన పెట్టలేకపోయాడు.

అక్షరాలు నేర్పుతానని ఆయనే కూర్చోబెట్టారొకసారి. రెండో అక్షరం మీద ఉండగా పెద్దావిడ పిలిచింది. ఆ రెండో అక్షరం అలాగే పలక మీద ఉండి ఉండి చెరిగిపోయింది. ఆయన పోయాక, గుండెపోటు అన్నారు, బస్సు దిగి రెండు వీధులు నడిచి మూడో వీధి మలుపులో కూర్చుండిపోయారు, అంతే, ఆయన పోయాక ఇంట్లో మోగేది ఈ ఫోనొక్కటే. ఎవరూ ఆపలేదు కాబట్టి మోగుతూనే ఉంది. తెర మీద ఏదో పడేది, వంగి చూస్తే చీమలబారు. దాన్ని చదవాలనే, ఇంకెందుకూ కాదు, లాండ్రీ కొట్టు మేడ మీద రిటైరైన మాస్టారు పెద్దవాళ్ళకి చెప్పే తరగతిలో చేరాను. నా పక్కన కూరల బండి ఆవిడ మనవడికి ఉత్తరం రాయాలని చేరింది, కాపలాదారు ఒకాయన బస్సుల బోర్డులు చదవాలని చేరాడు. నువ్వెందుకమ్మా అని మాస్టారు అడిగితే ఏం చెప్పను, మా ఆయన ఫోనుకి సవతి రాస్తోంది, ఏం రాస్తోందో చూడాలి అనా? ఊరికేనండీ అన్నాను.

మొట్టమొదట నేనుగా చదివిన వాక్యం నాకు కంఠతా వచ్చు. వరస పెరుగుతోంది, లేచి చూడు. మళ్ళీ చదివాను. ఇది మిషను భాష కాదు, ఇది ఆయన గొంతు. మిషను తనంతట తాను పంపించేవే గానీ, మాటలు మాత్రం ఆయన రాసిపెట్టినవి. డిస్కు నిండుతోంది, ఇవాళ కాకపోతే రేపు చూడు, ఎల్లుండి దాకా ఆగకు. బ్యాకప్ అయింది, అయిందని నమ్మకు, తెరిచి చూడు. ఎవరో తాళం కదుపుతున్నారు, కంగారు లేదు గానీ కన్నేసి ఉంచు. వాటిల్లో సగం నాకు ఏమిటో తెలియదు. వరస అంటే వెళ్ళకుండా ఆగిన ఉత్తరాల వరస అని ఇవాళే తెలిసింది. తెలియకపోతేనేం, నేను లేచి చూసేదాన్ని. ఏది చూడాలో తెలియక బియ్యం డబ్బా చూసేదాన్ని, గొళ్ళెం చూసేదాన్ని, వీధి చివరి దీపం చూసేదాన్ని. బతికినన్నాళ్ళూ పెద్దావిడ ఆయన్ని నా దగ్గర్నుంచి లాక్కుపోయింది, ఇప్పుడు ఆవిడే నాకు ఆయన్ని తెచ్చి ఇస్తోంది అనుకునేదాన్ని. సరే పోనీలే, పాత కక్షలెందుకు అని రాజీ పడ్డాను కూడా.

ఈ అమ్మాయి ఉంది కదా, దీని పేరు ఏదైనా కానీ ఆయనకి చిటికె. ఏ పని చెప్పినా "చిటికెలో చేస్తా సార్" అంటుందట, అందుకు. మా చిటికె ఇవాళ ఒక్కతే బ్యాకప్ అంతా తెరిచి చూసింది తెలుసా, మా చిటికె ఇవాళ నా తప్పు పట్టుకుంది తెలుసా అనేవారు. తప్పు పట్టుకుంటే అంత మురిసిపోవడం నేను చూడలేదు. నేను పట్టుకుంటే చిరాకుపడేవారు. నాకు ముద్దుపేరు లేదు, "ఇదిగో" అనేదే నా పేరు. ఇంటి నుంచి పిలిస్తే వినపడేది కాదు గానీ చిటికె ఫోన్ చేస్తే గోడవైపు తిరిగి మెల్లగా, ఓపిగ్గా, కంగారు పడకు, ముందు ఏది మార్చావో చెప్పు, దాన్ని వెనక్కి తియ్యి, తరువాత ఆలోచిద్దాం అనేవారు. ఆ గొంతు వింటూ వంటింట్లో నిలబడేదాన్ని. తప్పుడు అనుమానం కాదు, ఆ మాత్రం నాకు తెలుసు, కూతురి ఈడు పిల్ల. అదే ఇంకా కష్టం. అనుమానపడటానికి ఏదైనా ఉంటే ఒక్కసారి ఏడ్చి ఊరుకుందును.

ఇప్పుడు లేచింది, గోడకున్న మేకు మీంచి స్వెట్టరు తీసి తొడుక్కుంది, అద్దం గది చలిగదట. బూడిదరంగు స్వెట్టరు. ఆయనది. ఆయన పోయాక దీనికోసం బీరువాలన్నీ గుమ్మరించాను, పెట్టెలు తీశాను, చివరికి ఆస్పత్రివాళ్ళు కొట్టేశారనుకుని వాళ్ళని శాపనార్థాలు కూడా పెట్టాను. ఇదిగో, ఇక్కడ మేకుకి ఉంది. ఈ గదిలోకి వెళ్ళే ప్రతివాళ్ళూ దీన్ని తొడుక్కుంటారట, ఆయన ఉన్నప్పటి నుంచీ అలవాటట, చెప్పింది. మోచేతి దగ్గర చిరిగితే ఎవరో రఫూ చేశారు, నీలం దారంతో, మెల్లి మెల్లిగా, చక్కగా. ఎవరో ఏమిటి, ఈ పిల్ల చేతులే. నా చేతుల్లో ఎన్నిసార్లు పడింది ఆ మోచెయ్యి, నేనెప్పుడూ బూడిదరంగు దారమే వెతుకుతూ ఉండిపోయేదాన్ని.

అది అద్దం గదిలోంచి బయటికి వస్తుండగా నా ఒళ్ళో ఫోను మోగింది. కోడ్ కాదు, టైం కాలేదింకా. ఆ మోతే, రోజూ మోగేదే. అదే క్షణంలో అదే మోత స్వెట్టరు జేబులోంచి వచ్చింది. రెండు ఫోన్లూ ఒకేసారి, ఒకే రాగం, జంట వాయిద్యంలా. నేను నా తెర చూశాను, అది దాని తెర చూసుకుంది. వరస కదలడం లేదు, లేచి చూడు.

"నీకూ వస్తాయా?" అన్నాను.

"వస్తాయండీ. ఎప్పుడూ ఇద్దరికీ వెళ్తాయి. సార్‌కీ, నాకూ. కాపలా మిషను వేరే ఉంది, పెద్దావిడ పడుకున్నా అది అరుస్తుంది."

"అన్నీనా?"

"అన్నీ."

బియ్యం డబ్బా చూసిన రోజులన్నీ గిర్రున తిరిగాయి. నేను లేచినప్పుడల్లా ఇంకో ఇంట్లో ఇదీ లేచింది. నాకొక్కదానికే వస్తున్నాయని దాచుకున్న మాటలు ఇంకొకళ్ళ జేబులో కూడా ఉన్నాయి. పైగా నేను లేచి గొళ్ళెం చూశాను, ఇది నిజంగా ఏం చూడాలో అదే చూసింది. ఆయన చెప్పిన పని చేసింది ఇదే.

"ఆ మాటలు ఆయన అలా ఎందుకు రాశారు?" అన్నాను, గొంతు మామూలుగా పెట్టి.

"నా కోసమేనండీ" అంది, అభిమానంగా, పాపం, కత్తి దింపుతున్నానని తెలియకుండా. "కొత్తలో అన్నీ అంకెలే వచ్చేవి. చూస్తే నాకు చెమటలు పట్టేవి. మనిషి మాట్లాడినట్టు ఉంటే భయం వెయ్యదు కదా చిటికే అని, ఓ రోజంతా కూర్చుని మాటల్లోకి మార్చారు."

చూడు అన్నది దీనితోనట. ఆగకు అన్నది దీనితోనట. నా చదువంతా ఇంకొకళ్ళకి రాసిన ఉత్తరాల మీద చదువుకున్నానన్నమాట. పలక మీద రెండో అక్షరం దగ్గర లేచిపోయిన మనిషి, దీని చెమట తుడవడానికి ఓ రోజంతా కూర్చున్నాడు.

గంట అయిందేమో, అది కుర్చీ జరుపుకుని మీటలు నొక్కింది. "ఇప్పుడు వస్తుందండీ" అంది. వచ్చింది. నా చేతి కింద ఒక్కసారి వణికింది. అరచెయ్యి ఎత్తలేదు. చదవలేననుకుందేమో, "అంకెలేనండీ, ఇటిస్తే నేను చూస్తాను" అంది, అందుకు ఇంకా గట్టిగా మూశాను. ఏం చేస్తుంది, లాక్కుంటుందా? కిటికీలోంచి కింద మనుషులు కనబడుతున్నారు, బళ్ళ దగ్గర గుంపుగా నిలబడి చేతులూపుతూ, ఉత్తరాలు రాక, సరుకు ఎటు పంపాలో తెలియక. ఉండనీ. నా సంసారంలో ఎన్ని పూటలు ఆగిపోయాయో వీళ్ళకేం తెలుసు, ఒక్క పూట వీళ్ళనీ ఆగనీ. దాని ముందున్న తెర మీద ఏదో ఎర్రగా మారినట్టుంది, చిటికె ఊపిరి వదిలింది.

"టైం దాటిపోయింది. ఇంకొకటి పంపమంటాను" అంది. నన్నేమీ అనలేదు. మొహం కూడా అననట్టే పెట్టింది. దెబ్బలాడితే నాకు తేలికయ్యేది.

తలుపు తోసుకుని మేనేజరు వచ్చాడు. నాకు ఒక నమస్కారం పడేసి దాని మీద పడ్డాడు. "ఇంకా ఎంతసేపు? బయట నా పరువు పోతోంది. అసలు పోయిన మనిషి నంబరు ఇన్నాళ్ళు అందులో ఎందుకుంది? పెద్ద తాళం ఒక్కడి దగ్గరే ఉండకూడదని మీవాళ్ళే కదా పాఠాలు చెప్పేది? రేపు పైవాళ్ళు అడిగితే ఎవరి పేరు చెప్పను?"

నాకు తెలుసు ఆ పాఠం. ఇంట్లో అప్పచెప్పించుకున్నట్టు చెప్పేవారు. మనిషి ఉద్యోగం మానిన సాయంత్రమే అన్ని చోట్లా పేరు తీసెయ్యాలి, మంచివాడా చెడ్డవాడా అని చూడకూడదు. పెద్ద ఖాతా తాళం ఎప్పుడూ ఇద్దరి దగ్గర ఉండాలి, ఒకడికి కడుపునొప్పి వస్తే ఊరు మూగబోకూడదు. అందరికీ చెప్పి, తన దగ్గరికి వచ్చేసరికి తన నంబరొక్కటే పెట్టుకున్నారు. ఎందుకో నాకంటే బాగా ఎవరికి తెలుసు. పెద్దావిడని ఇంకొకరితో పంచుకోవడం ఆయనకి ఇష్టం లేదు. కుళ్ళు. నా దగ్గరున్నదే ఆయన దగ్గరా ఉంది. తప్పు ఆయనది, తేటతెల్లంగా ఆయనది, ఆ ఒక్క మాట చిటికె చెబితే చాలు, దాని ఉద్యోగానికి ఢోకా లేదు, పోయినవాడిని ఎవరేం చేస్తారు.

"నా పేరు చెప్పండి సార్" అంది చిటికె. "సార్ రెండో నంబరు పెట్టమని ఎప్పుడో చెప్పారు. నేనే పెట్టలేదు. ఆయన పోయాక తియ్యాల్సింది, అదీ నేనే తియ్యలేదు."

"కారణం?"

"మర్చిపోయానండీ."

అబద్ధం. స్వెట్టరు చేతులు కిందికి లాక్కుని, పిడికిళ్ళు వాటిల్లో దాచుకుని చెబుతోంది. మేనేజరు సాయంత్రం నా గదికి రా అని వెళ్ళిపోయాడు. గదిలో పెద్దావిడ రొద మిగిలింది.

"నిజంగా మర్చిపోయావా?"

"తియ్యాలని కూర్చున్నానండీ. తీసేవాళ్ళ పేరు అడుగుతుంది, నా పేరు కొట్టాలి. చెయ్యి రాలేదు. తీస్తే ఇంక మెసేజులు నాకొక్కదానికే కదా వచ్చేది."

ఉక్రోషం ఎక్కణ్ణించి పొంగిందో చెప్పలేను. ఆయన మీద మాట పడకుండా అడ్డం నిలబడాల్సింది ఎవరు? నేను. ఆయన తప్పు కడుపులో పెట్టుకోవాల్సింది ఎవరు? నేను. మాటలు తీసుకుంది, ఓపిక తీసుకుంది, స్వెట్టరు తీసుకుంది, చివరికి ఆయన తప్పు కూడా నాకు మిగల్చకుండా తనే తీసుకుంటుందా? ఇది ఉద్యోగం పోగొట్టుకుని ఆయన పేరు కాపాడితే, ఇక జన్మంతా దీని కింద పడి ఉండాలి నేను. వీల్లేదు.

"పంపమను ఇంకొకటి" అన్నాను. ఫోను వణికింది. అరచెయ్యి తీశాను. "ఇటివ్వండి" అనబోయింది. ఇవ్వలేదు. నేనే చదివాను, ఒక్కొక్క అంకె, వేలు కింద పెట్టుకుని. అది కొట్టుకుంటూ పోయింది. అద్దం అవతల చుక్కలు ఒక్కసారి గబగబా మిణుకుమన్నాయి. కాసేపటికి కింద బళ్ళ దగ్గర గుంపు విడిపోయింది. "ఇంక ఆ మేనేజరుతో నేనే చెబుతాను" అన్నాను. "రెండో నంబరు పెట్టనిది ఆయనే. నువ్వు అడ్డం రాకు. మొగుడి తప్పు చెప్పే హక్కు పెళ్ళానికి ఉంటుంది, శిష్యురాలికి ఉండదు." ఏడుస్తుందేమో అనుకున్నాను, నవ్వింది. "సార్ అనేవారు, మీతో వాదించి గెలవలేమని" అంది. ఏదో ఒకటి నా గురించి కూడా అనేవారన్నమాట.

మెసేజులు ఎవరెవరికి వెళ్ళాలో ఆ జాబితా తెరిచింది. ఆయన పేరు, పక్కన నంబరు. కింద దీని పేరు. తీసేవాళ్ళ పేరు అని గడి, అందులో తన పేరు కొట్టింది, ఇక నొక్కాలి. వేలు గాల్లో ఆగింది. నన్ను చూసింది. ఇప్పుడు ఇద్దరం చూస్తున్నది ఒకే పేరుని. "తియ్యి" అన్నాను. నొక్కింది. ఆ చోటులో, పెద్ద ఖాతాకి కూడా, గదిలో అందరికీ కలిపి ఉంచే బల్ల ఫోను నంబరు పెట్టింది, ఏ ఒక్కరిదీ కాకుండా.

"జాబితా మార్చాక పరీక్ష పంపాలండీ. వెళ్ళాల్సిన వాళ్ళకి వెళ్ళిందో లేదో, వెళ్ళకూడని వాళ్ళకి వెళ్ళిందో లేదో రెండూ చూడాలి" అంది. సార్ పోయాక జాబితా ముట్టుకోలేదు కాబట్టి, అప్పటి నుంచి ఈ పరీక్ష పంపే పని పడలేదట.

పంపింది. బల్ల ఫోను మోగింది. దాని జేబు మోగింది. నా ఫోను తెర నల్లగా ఉంది, అందులో నా కళ్ళజోడు కనబడుతోంది.

"మీకు రాలేదు కదండీ?"

"రాలేదు. ఏం వచ్చింది నీకు?"

చదవబోయి ఆగింది. తెర నా వైపు తిప్పి, ఫోను నా చేతిలో పెట్టింది. ఈ వాక్యం నేనెప్పుడూ చూడనిది. వేలు పెట్టుకుని చదువుకున్నాను.

ఇది పరీక్షే. ఏం కాలేదు. పక్కన పడుకున్న మనిషిని లేపకు, పాపం.

"ఇది మాత్రం నాకు రాసింది కాదండీ" అంది చిటికె. "నా పక్కన ఎవరున్నారని?"

తెలుసు అన్నాను. ఆ ఫోను మోగిన ప్రతిసారీ నేను మెలకువగానే ఉండేదాన్ని. కళ్ళు మూసుకుని, చీకట్లో ఆయన చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళడం వింటూ ఉండేదాన్ని.